మార్కెటింగ్ ఏజెన్సీలో ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రకటనల రంగంలోకి రావాలనుకునే యువతీయువకులూ, వారిని పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులూ సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇవి ముఖ్యంగా హైదరాబాద్‌లోని మధ్యతరహా ఏజెన్సీలను, అంటే ఇరవై మంది నుంచి వంద మంది దాకా పనిచేసే సంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ముంబై, గురుగ్రామ్, బెంగళూరులలోని పెద్ద ఏజెన్సీలలోనూ పని తీరు దాదాపు ఇదే. హోదాలు, అంచెలు మాత్రం ఎక్కువగా ఉంటాయి.

ఏజెన్సీ అసలు ఏం చేస్తుంది? వ్యాపార సంస్థలు ఆ పని తామే ఎందుకు చేసుకోవు?

వ్యాపారికి తన సరుకు గురించి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయితే ఆ సరుకును మొదటిసారి చూసేవారికి అది ఎలా కనిపిస్తుందన్నది, నిత్యం దాని మధ్యే మసలే మనిషికి తేలిగ్గా అందదు. ఆ బయటి చూపును, దానికి తగిన మాటను, బొమ్మను, అవి ఏ పత్రికలో, ఏ ఛానల్‌లో, ఏ కూడలిలో, ఏ ఫోన్ తెర మీద కనిపించాలన్న లెక్కను కలిపి అందించేదే ఏజెన్సీ. మన దేశంలో తొలి ప్రకటనల ఏజెన్సీగా 1905లో ముంబైలో మొదలైన బి. దత్తారామ్ సంస్థను చెప్పుకుంటారు. తొలినాటి ఏజెన్సీలు ప్రధానంగా పత్రికల్లో స్థలం ఇప్పించే మధ్యవర్తులు. రాత, బొమ్మ ఆ సేవకు తోడుగా వచ్చాయి. ఇప్పుడు చాలా ఏజెన్సీలకు ఆ రాత, బొమ్మ, వాటి వెనకున్న ఆలోచనే ప్రధానమైన పని.

ఏయే విభాగాలు ఉంటాయి? నాకు ఏది సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

క్లయింట్ సర్వీసింగ్ వారు క్లయింటుతో, అంటే ప్రకటన వేయించుకునే సంస్థతో మాట్లాడి అవసరం తెలుసుకుని, ఆఫీసులో పని నడిపించి, అనుమతులు తెచ్చి, బిల్లు వసూలయ్యేదాకా బాధ్యత మోస్తారు. క్రియేటివ్ విభాగంలో మాటలు రాసే కాపీరైటర్లు, ప్రకటన రూపాన్ని నిర్ణయించే ఆర్ట్ డైరెక్టర్లు, ఆలోచనను బొమ్మగా వేసి చూపే విజువలైజర్లు ఉంటారు. వారు ఖాయం చేసిన లేఅవుట్‌ను, అంటే మాట, బొమ్మల అమరికను అచ్చుకు పనికొచ్చే ఆర్ట్‌వర్క్‌గా మార్చే డీటీపీ ఆర్టిస్టులు స్టూడియోలో ఉంటారు. మీడియా విభాగం ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఖర్చుతో ప్రకటన వేయాలో తేల్చి స్థలాన్ని, సమయాన్ని కొంటుంది. వీటికి తోడు ఇప్పుడు డిజిటల్ విభాగం దాదాపు ప్రతిచోటా ఉంది.

మొదటి ఉద్యోగం ఏ విభాగంలో దొరికినా దాన్ని జీవితాంతపు నిర్ణయంగా భావించవలసిన అవసరం లేదు. పీయూష్ పాండే 1982లో ఓగిల్వీ ఏజెన్సీలో క్లయింట్ సర్వీసింగ్ ఉద్యోగిగానే చేరి, కొన్నేళ్ళ తర్వాత రాత వైపు మారారు. భారతీయ ప్రకటనల భాషను మార్చిన వ్యక్తిగా ఆయనకు పేరు వచ్చిందీ, 2016లో పద్మశ్రీ లభించిందీ ఆ రెండో పనితోనే. నా ఉద్దేశంలో ప్రతి కాపీరైటర్ కనీసం కొన్ని నెలలైనా క్లయింట్ సర్వీసింగ్ చేసి ఉంటే మంచిది. కొట్టులో కూర్చున్న యజమాని ఏ భయంతో ఆ ప్రకటన అడుగుతున్నాడో కళ్ళారా చూసినవారి రాత వేరుగా ఉంటుంది.

ఒక ప్రకటన తయారయ్యేటప్పుడు నిజంగా ఏం జరుగుతుంది?

అక్షయ తృతీయకు ఒక నగల దుకాణం వేసే ఫుల్ పేజీ ప్రకటనను తీసుకుందాం. క్లయింటు దగ్గరి నుంచి సాధారణంగా వచ్చే మాట ఇంతే: “ఈసారి తరుగు మీద ఆఫర్ పెట్టాం, ఎల్లుండి పేపర్లో రావాలి.” ఈ ఒక్క వాక్యం పట్టుకుని రాయడం మొదలుపెడితే ఆ రాత్రంతా దిద్దుబాట్లతోనే గడుస్తుంది. తగ్గింపు తరుగు మీదేనా, మజూరీ మీద కూడానా? అన్ని నగలకా, కొన్ని రకాలకేనా? వజ్రాల నగలకు వేరే లెక్క ఉందా? పాత బంగారం మార్చుకునేవారికి వర్తిస్తుందా? అన్ని శాఖల్లోనా, కొత్తగా తెరిచిన శాఖలోనేనా? ఏ తేదీ దాకా? ఈ ప్రశ్నలన్నీ ఆ ఫోన్‌లోనే అడిగి, జవాబులు రాసుకుని, వాటిని క్లయింటుకు తిరిగి పంపి “ఇదే కదా” అని ఖరారు చేసుకున్న క్లయింట్ సర్వీసింగ్ ఉద్యోగి ఆ రోజు పదిమంది నిద్రను కాపాడినట్టే.

ఆ తర్వాత కాపీరైటర్ రెండు మూడు శీర్షికలు రాస్తారు, ఆర్ట్ డైరెక్టర్ లేఅవుట్లు వేస్తారు, లోపలి సమీక్ష అయ్యాక క్లయింటుకు చూపిస్తారు. దిద్దుబాట్లు అయ్యాక స్టూడియో పత్రిక కొలతకు, సాధారణంగా 33 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తుకు, ఆర్ట్‌వర్క్ సిద్ధం చేస్తుంది. తెర మీద మెరిసే బంగారు రంగు అచ్చులో గోధుమ రంగుగా దిగజారకుండా రంగుల శాతాలు సరిచూసుకోవాలి. ఈలోగా మీడియా విభాగం పత్రికకు రిలీజ్ ఆర్డర్ పంపుతుంది. అందరూ ఆర్‌వో అని పిలిచే ఆ కాగితం మీద ఎడిషన్, తేదీ, పేజీ, కొలత, ధర ఉంటాయి. పత్రిక ఇచ్చిన గడువు దాటితే ఆ స్థలం పోయినట్టే.

చివరి పరిశీలనను చాలామంది లాంఛనంగా చూస్తారు. నేను మాత్రం ప్రకటన మొత్తంలో అత్యంత విలువైన పావుగంట అదేనని నమ్ముతాను. ఫోన్ నంబరుకు స్వయంగా ఫోన్ చేసి చూడాలి. తేదీకి, వారానికి పొంతన ఉందో లేదో క్యాలెండరు తీసి చూడాలి. శాఖల పేర్లు ఒక్కొక్కటిగా బయటికి చదవాలి. తరువాత నక్షత్రం గుర్తు వెంటపడి పేజీ అడుగుకు వెళ్ళాలి. పైన తాటికాయంత తెలుగు అక్షరాల్లో తగ్గింపు ప్రకటించి, కింద చీమతలకాయంత ఇంగ్లీషులో షరతులు పెట్టడం మన దగ్గర ఏళ్ళ తరబడి నడిచిన అలవాటు. తప్పుదారి పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా ఆ వాగ్దానం ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలి, అదే ఫాంటులో ఉండాలి, కనిపించే చోట ఉండాలి.

అర్ధరాత్రి దాకా పనిచేయాల్సి వస్తుందంటారు. నిజమేనా?

చాలాచోట్ల నిజమే. కానీ దాన్ని ఈ వృత్తి స్వభావంగా చెప్పే మాటను నేను ఒప్పుకోను. పండుగ ముందు రోజుల్లో, కొత్త క్లయింటును గెలుచుకోవడానికి ఆలోచనలు చూపించే పిచ్ ఉన్నప్పుడు, షూటింగ్ జరిగేటప్పుడు పని పొద్దుపోయేదాకా సాగడం సహజం. మిగిలిన రాత్రుల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క కారణంతో పోతాయి: ఏం కావాలో తేల్చుకోకుండా పని మొదలుపెట్టడం.

అది మూడు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, నోటిమాట బ్రీఫ్. ప్రకటనలో ఏం కావాలో చెప్పే సూచనల పత్రమే బ్రీఫ్, అది రాతలో లేకపోవడం. “ఏదో కొత్తగా, క్లాస్‌గా, అందరికీ నచ్చేలా” అన్న మాట మీద ఆర్ట్ డైరెక్టర్ ఆరు లేఅవుట్లు వేస్తారు. ఆరూ తిరిగి వస్తాయి, ఎందుకంటే దేన్ని బట్టి ఒప్పుకోవాలో, దేన్ని బట్టి కాదనాలో ఎవరి దగ్గరా కొలబద్ద లేదు. రెండోది, నిర్ణయం తీసుకునే మనిషి సమావేశంలో లేకపోవడం. మార్కెటింగ్ మేనేజర్ ఒప్పుకున్న పనిని సాయంత్రం యజమాని చూస్తారు, ఆయన మార్చమన్నదాన్ని మర్నాడు ఆయన కుమారుడు చూస్తారు. మూడోది, ఏజెన్సీ యాజమాన్యం దేనికీ కాదనలేకపోవడం. ఇద్దరు క్లయింట్ల పని మాత్రమే చేయగల మనుషులతో ముగ్గురు క్లయింట్లను ఒప్పుకుంటే ఆ తేడా ఉద్యోగుల రాత్రుల్లో నుంచే పూడుతుంది.

మంచి బ్రీఫ్ ఒక్క పేజీ దాటదు. ఈ ప్రకటన ఎవరి కోసం, వారు ఇప్పుడు ఏమనుకుంటున్నారు, చదివాక ఏం చేయాలి, మనం చెప్పవలసిన ఒకే ఒక్క విషయం ఏమిటి, దాన్ని నమ్మడానికి ఆధారం ఏమిటి, తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవి, ఎవరు ఆమోదిస్తారు, ఎప్పటికి కావాలి. వీటికి పూర్తి వాక్యాల్లో జవాబులు రాసి, ఆమోదించే వ్యక్తితో ఒప్పించుకున్నాకే కంప్యూటర్ ముట్టుకోవాలన్న నియమం ఉన్న ఏజెన్సీలో సాయంత్రం ఏడు గంటలకు లైట్లు ఆరిపోవడం నేను చూశాను. అక్కడ ప్రతిభ తగ్గిందేమీ లేదు. బ్రీఫ్ దగ్గర పట్టుపట్టే చిన్న ఉద్యోగిని “ప్రశ్నలు ఎక్కువ వేస్తాడు” అని విసుక్కునే పెద్దలు మన రంగంలో ఇంకా ఉన్నారు. ఆ విసుగుకు బెదిరి ప్రశ్న మానేయవద్దని కొత్తగా వచ్చేవారికి గట్టిగా చెబుతాను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. తెలంగాణలో దుకాణాలు, సంస్థల చట్టం కింద వారానికి పని పరిమితి 48 గంటలు. అంతకు మించి చేయించుకుంటే ఓవర్‌టైమ్ చెల్లించాలి. ఏజెన్సీలలో ఈ నిబంధన గురించి మాట్లాడేవారు తక్కువ. మీరు మాట్లాడినా మాట్లాడకపోయినా, మీ గంటలు మీరు రాసుకుంటూ ఉండండి.

ఏడాదిలో ఏ నెలలు బాగా రద్దీగా ఉంటాయి?

సంక్రాంతి, ఉగాది, అక్షయ తృతీయ, ఆషాఢం సేల్స్, శ్రావణ మాసపు పెళ్ళిళ్ళు, దసరా, దీపావళి. పరీక్షా ఫలితాలు వెలువడే ఏప్రిల్ నుంచి జూన్ దాకా విద్యాసంస్థల పని ఉంటుంది. ఎన్నికల ఏడాదిలో దీనిపైన మరో పొర చేరుతుంది; రాజకీయ ప్రకటనలను టీవీలో వేయాలంటే ఎన్నికల సంఘం నియమించిన మీడియా కమిటీ నుంచి ముందస్తు ధ్రువీకరణ తీసుకోవాలి, పోలింగ్ రోజున, దాని ముందు రోజున పత్రికల్లో వేసేవాటికి కూడా ఆ ధ్రువీకరణ ఉండాలి. సొంత పెళ్ళికీ, ఊరి ప్రయాణానికీ సెలవు కావాలంటే ఈ క్యాలెండరు చూసి ముందే చెప్పుకోవడం మేలు.

తెలుగులో రాసేవారికి ఈ రంగంలో నిజంగా చోటుందా?

ఉంది, కానీ రెండు రకాల చోట్లున్నాయి, వాటి తేడా తెలుసుకుని చేరాలి. ఒక రకం, ముంబైలో ఖాయమైన ప్రకటనను తెలుగులోకి తెచ్చే పని. అక్కడ బొమ్మ, నిడివి, పెదవుల కదలిక అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. మీరు వాటిలో ఇమిడేలా రాయాలి. ఇది నైపుణ్యం కావలసిన పని, కానీ కొన్నేళ్ళ పాటు ఇదే చేస్తే సొంతంగా ఆలోచించే అలవాటు తగ్గిపోతుంది. రెండో రకం, తెలుగు పాఠకుడి కోసం మొదటి నుంచీ తెలుగులోనే ఆలోచించే పని. వస్త్ర దుకాణాలు, నగల సంస్థలు, ఆసుపత్రులు, స్థిరాస్తి సంస్థలు, వంట నూనెలు, పచ్చళ్ళు, విత్తనాలు, పురుగుమందులు వంటివాటికి స్థానిక ఏజెన్సీలలో ఇది దొరుకుతుంది. వరంగల్ పత్తి రైతుకు, గుంటూరు మిర్చి రైతుకు చేరే విత్తనాల ప్రచారంలో పనిచేసే అవకాశం వస్తే వదులుకోకండి. గోడ మీద రాతలో, రైతు సమావేశంలో పంచే కరపత్రంలో ఒక్క మాట తేడా వచ్చినా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

రేడియోకు రాయడం కూడా చక్కటి శిక్షణ. ముప్పై సెకన్ల స్పాట్‌లో తీరిగ్గా చదవగలిగేది యాభై, అరవై మాటలకు మించదు. అందులో దుకాణం పేరు రెండుసార్లు, చిరునామా ఒకసారి పోగా కథకు మిగిలేది సగమే.

మరొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు కనుక చెబుతున్నాను. తెలుగు కాపీరైటర్ బాధ్యత రాయడంతో ముగియదు. హైదరాబాద్ స్టూడియోలలో చాలాకాలంగా ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లు వాడుతున్నారు. అవి యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతి కావు. మీరు ఫోన్‌లో లేదా కంప్యూటర్‌లో యూనికోడ్‌లో టైపు చేసి పంపిన వచనాన్ని వారు మార్చుకునేటప్పుడు కొన్ని అక్షరాలు చెదురుతాయి. యూనికోడ్‌ను నేరుగా ఫోటోషాప్‌లో, ఇలస్ట్రేటర్‌లో అతికించినా, దక్షిణాసియా భాషలకు ఉద్దేశించిన అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు అక్షరం కింద నిలవక పక్కకు జరిగిపోతాయి. భాష రాని ఆపరేటరుకు అది తప్పని తెలియదు. అందుకే ఆర్ట్‌వర్క్ అచ్చుకు వెళ్ళేముందు దాన్ని కళ్ళతో చూడకుండా ఇంటికి వెళ్ళకండి. ఊరి మధ్యలో నలభై అడుగుల హోర్డింగ్ మీద ఒత్తు ఊడిపోయిన పేరు నెల రోజులు వేలాడటం ఆ భాష మాట్లాడే అందరికీ చేసిన అగౌరవమని నేను భావిస్తాను.

అబద్ధాలు రాయమంటారా? రాయనంటే ఏమవుతుంది?

నేరుగా అబద్ధం రాయమని అడిగేవారు అరుదు. సగం నిజం రాయమని అడగడం తరచుగా జరుగుతుంది. “నగరానికి ఇరవై నిమిషాల్లో” అన్న స్థిరాస్తి వాక్యం ఏ వేళలో, ఏ కూడలి నుంచి లెక్కవేసిందో అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉంది, చట్టం కూడా మీ వైపే ఉంది.

కొన్ని చట్టాలను మొదటి నెలలోనే చదివేసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా విధించగలదు. 2022 మార్గదర్శకాలు ప్రకటన ఇచ్చిన సంస్థతో పాటు ఏజెన్సీకీ వర్తిస్తాయి. కాబట్టి “క్లయింటు చెప్పాడు, మేం వేశాం” అన్న జవాబు చెల్లదు. మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. స్థిరాస్తి ప్రాజెక్టును రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో నమోదు చేయకుండా ప్రకటించడానికి వీల్లేదని 2016 చట్టం చెబుతుంది. ప్రకటనలో నమోదు సంఖ్య, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. “ప్రీ-లాంచ్ ఆఫర్” అని వాట్సాప్‌లో తిప్పేందుకు చిన్న పోస్టర్ అడిగినా అది ప్రకటనే. కోచింగ్ సంస్థల విషయంలో 2024 నవంబరులో ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి: ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఫోటో వాడాలంటే ఆ విజయం తర్వాత అతని రాతపూర్వక అంగీకారం ఉండాలి, అతను అక్కడ చదివిన కోర్సు ఏదో చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో ఫలితాల మర్నాడు పత్రికల మొదటి పేజీలు ఎలా ఉంటాయో తెలిసినవారికి ఈ నిబంధన విలువ వేరే చెప్పనక్కర్లేదు.

వీటితో పాటు, 1985లో ఏర్పడిన ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ ఉంది. అది ప్రభుత్వ సంస్థ కాదు, రంగం తనకు తాను పెట్టుకున్న కాపలా. దాని నియమావళి చిన్నది, చదవడానికి ఒక పూట చాలు.

ఇక రాయనంటే ఏమవుతుంది? ఒట్టి నిరాకరణకు విలువ తక్కువ. “ఈ మాటకు ఆధారం దొరకలేదు, ఆధారం ఉన్న మాట ఇది, ఇలా రాస్తే ఇంకా నమ్మకంగా ఉంది” అని ప్రత్యామ్నాయం చేతిలో పెడితే చాలామంది క్లయింట్లు ఒప్పుకుంటారు. వారికీ నోటీసులంటే భయమే. ప్రత్యామ్నాయం ఇచ్చినా, చట్టం చూపించినా వినకుండా మీ చేత రాయించే సంస్థ ఉంటే, అక్కడ మీరు నేర్చుకోవలసింది మిగిలి లేదు. వేరే ఉద్యోగం వెతుక్కోండి.

జీతం ఎలా ఉంటుంది? ఏజెన్సీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి రెండు మూడేళ్ళు ఐటీ ఉద్యోగంతో పోలిస్తే జీతం తక్కువగానే ఉంటుంది. ఈ విషయంలో ఎవరినీ మభ్యపెట్టడం నాకిష్టం లేదు. పని చేతికొచ్చాక పెరుగుదల వేగంగా ఉంటుంది, అదీ ఎక్కువగా సంస్థ మారినప్పుడు.

ఏజెన్సీ ఆదాయం అర్థమైతే మీ జీతం ఎందుకు కొన్ని నెలల్లో ఆలస్యమవుతుందో కూడా అర్థమవుతుంది. పత్రికల సంఘమైన ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ గుర్తింపు పొందిన ఏజెన్సీకి పత్రికలు సంప్రదాయంగా 15 శాతం కమీషన్ ఇస్తాయి. అందుకు బదులుగా క్లయింటు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా గడువు లోపల పత్రికకు చెల్లించే బాధ్యత ఏజెన్సీదే. పది ఫుల్ పేజీలు వేసుకున్న క్లయింటు బిల్లు ఆపేస్తే, ఏజెన్సీ తన సొంత డబ్బుతో పత్రికకు కట్టాలి. ఆ ఒత్తిడి ముందుగా జీతాల మీదే పడుతుంది. రాత, డిజైన్ పనికి నెలకు ఇంత అని ముందే ఒప్పుకున్న రిటైనర్ గానీ, పనికి ఇంత అని గానీ తీసుకుంటారు. క్లయింటు నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే, సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైన ఏజెన్సీకి 2006 చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లింపు పొందే హక్కు ఉంది. జీతాలు క్లయింట్ల చెల్లింపుల మీదే ఆధారపడతాయి కనుక, చేరేముందు ఆ ఏజెన్సీ ఆదాయం ఒకే పెద్ద క్లయింటు మీద ఆధారపడి ఉందా అని వాకబు చేయండి. ఆ ఒక్కరు వెళ్ళిపోతే సగం ఆఫీసు ఖాళీ అవుతుంది.

బయట నుంచి రాసిచ్చే ఫ్రీలాన్సర్లకు చెల్లించేటప్పుడు సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునే మొత్తం మినహాయిస్తారు. ఏటా రిటర్ను వేస్తే, పన్ను అంత పడనివారికి అది వెనక్కి వస్తుంది. ఊళ్ళల్లో ఉండి రాసే చాలామంది యువ రచయితలు ఈ సంగతి తెలియక ఆ డబ్బు వదిలేసుకుంటున్నారు.

ఏ చదువు చదివి ఉండాలి?

రాతకు, క్లయింట్ సర్వీసింగ్‌కు ఫలానా డిగ్రీ అన్న నియమం లేదు. అహ్మదాబాద్‌లో 1991లో మొదలైన మైకా ఈ రంగానికే ప్రత్యేకించిన సంస్థ. డిజైన్ వైపు వచ్చేవారికి హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ చదువు ఉంది. నగర ఏజెన్సీలలోని ఆర్ట్ డైరెక్టర్లలో అక్కడి పూర్వ విద్యార్థులు ఎందరో కనిపిస్తారు. డిగ్రీ కన్నా ముందు చూసేది పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల నమూనాలు. నిజమైన ప్రకటనలు చేసి ఉండనక్కర్లేదు. మీ వీధిలోని టిఫిన్ సెంటరుకు, మీ ఊరి చేనేత సంఘానికి మీకు మీరే బ్రీఫ్ రాసుకుని చేసిన నాలుగు ప్రకటనలు, బ్రీఫ్‌తో సహా తెస్తే, ఆ బ్రీఫ్‌నే ముందు చదువుతాను.

ఆడపిల్లలకు ఈ ఉద్యోగం సురక్షితమేనా?

ఈ రంగంలో మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు, పెద్ద పదవుల్లోనూ ఉన్నారు. అయినా అడగవలసినవి అడగాలి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం నిర్దేశిస్తుంది. షూటింగ్ స్థలం, క్లయింటు ఆఫీసు, సంస్థ ఏర్పాటు చేసిన వాహనం కూడా ఆ చట్టం దృష్టిలో పని ప్రదేశాలే. కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా, రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా అన్నవి ఇంటర్వ్యూలోనే అడగండి. ఈ ప్రశ్నకు ముఖం చిట్లించే సంస్థలో చేరకండి.

డిజిటల్ ఏజెన్సీలో పని వేరుగా ఉంటుందా?

లయ వేరు, మూలం ఒకటే. పత్రికా ప్రకటన ఫలితం వారం తర్వాత కొట్టులో జనాన్ని బట్టి తెలిస్తే, ఫోన్‌లో కనిపించే ప్రకటన ఫలితం గంటలో అంకెల రూపంలో కనిపిస్తుంది. ఆ అంకెలు నేర్పేవి చాలా ఉన్నాయి, అలాగే మోసపుచ్చేవీ ఉన్నాయి. విల్లాల ప్రాజెక్టుకు వెయ్యి ఫోన్ నంబర్లు వచ్చాయని నివేదిక రాయడం సులువు. వారిలో సైటు చూడటానికి వచ్చినవారు ఎందరన్నదే క్లయింటుకు కావలసిన లెక్క. సేకరించిన ఆ నంబర్లు మనుషులవని మరచిపోకూడదు, 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వాటి వాడకానికి హద్దులు పెట్టింది. ఇన్‌ఫ్లుయెన్సర్లతో చేయించే వీడియోల మీద అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని ఆస్కీ 2021 మే నెలలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ చిన్న గుర్తు తీసేయమని అడిగే క్లయింట్లు ఉంటారు, తీయకండి.

కృత్రిమ మేధ వచ్చాక ఈ ఉద్యోగాలు మిగులుతాయా?

పది రకాల శీర్షికలు, చిన్నచిన్న కొలతల బ్యానర్లు, నివేదికల సారాంశం వంటి పనుల్లో మనుషుల అవసరం ఇప్పటికే తగ్గింది. ఆ పనులతోనే ఉద్యోగం మొదలుపెట్టే కొత్తవారికి ఇది నిజంగా కష్టకాలం, దాన్ని తేలిక చేసి చెప్పను. ప్రపంచ స్థాయిలో సంస్థల విలీనాలు కూడా సాగుతున్నాయి. 2025 నవంబరులో ఎన్నో ఏజెన్సీలున్న ఆమ్నికామ్ సంస్థ తన పోటీదారు ఇంటర్‌పబ్లిక్‌ను కొనుగోలు చేయడం పూర్తయింది. ఇలాంటి విలీనాల తర్వాత ఉద్యోగాలు తగ్గడం మామూలే.

మిగిలేది బ్రీఫ్ దగ్గరి పని. యజమాని చెప్పిన మాటలో చెప్పని మాటను పట్టుకోవడం, కొట్టుకు వెళ్ళి కౌంటరు దగ్గర నిలబడి కొనేవారు ఏమడుగుతున్నారో వినడం, ఎన్ని చెప్పాలనిపించినా ఒక్కటే చెప్పాలని నిర్ణయించడం. యంత్రం ఇచ్చిన తెలుగు వాక్యం వ్యాకరణబద్ధంగా ఉన్నా అలా ఎవరూ మాట్లాడరని గుర్తించే చెవి కూడా కావాలి. సాధనాలను వాడండి, కానీ క్లయింటు ఇంకా విడుదల చేయని ధరలను, సరుకు వివరాలను ఏ బయటి సాధనంలోనూ అతికించకండి. మీరు సంతకం చేసిన గోప్యతా ఒప్పందం దానికీ వర్తిస్తుంది.

ఇంటర్వ్యూలో నేను ఏం అడగాలి?

బ్రీఫ్ ఎవరు రాస్తారు, దానికి పత్రం ఉందా, ఉంటే ఈ మధ్య రాసిన ఒకటి పేర్లు తీసేసి చూపించగలరా అని అడగండి. ఒక్కొక్కరు ఎన్ని క్లయింట్ల పని చూస్తారో, శనివారాలు పని ఉందో లేదో, ఆదివారం పనిచేస్తే బదులు సెలవు ఇస్తారో లేదో, పీఎఫ్ కడతారో లేదో, జీతం ఏ తేదీన వస్తుందో అడగండి. వీలైతే సాయంత్రం ఆరు తర్వాత ఇంటర్వ్యూకు సమయం అడిగి, ఆ వేళకు ఆఫీసులో ఎంతమంది ఉన్నారో, ఏ ముఖాలతో ఉన్నారో చూసి రండి.

ఉద్యోగం మానేసేటప్పుడు నేను చేసిన పనిని వెంట తీసుకెళ్ళవచ్చా?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. అయితే ఇప్పటికే అచ్చయిన, ప్రసారమైన ప్రకటనలను మీ పోర్ట్‌ఫోలియోలో చూపుకోవడానికి చాలా సంస్థలు అనుమతిస్తాయి. ఆ అనుమతిని చివరి రోజు కన్నా ముందే ఈమెయిల్‌లో తీసుకోండి. విడుదల కాని పనులు, పిచ్‌లో చూపినవి, క్లయింటు అమ్మకాల వివరాలు బయటికి తీసుకెళ్ళకూడదు. ప్రతి ప్రకటన పక్కన అందులో మీ వాటా ఏమిటో నిజాయితీగా రాయండి: శీర్షిక మాత్రమే మీదైతే శీర్షిక అని, లేఅవుట్ మీదైతే లేఅవుట్ అని. హైదరాబాద్ ఏజెన్సీలలో అందరికీ అందరూ తెలుసు, మీ తర్వాతి ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది ఆ మిగతా సగం చేసిన మనిషే కావచ్చు.